పెయింటింగ్ కొనేముందు: కంటిని నమ్మాలా, కాన్సెప్ట్‌ని నమ్మాలా?

హైదరాబాద్ గ్యాలరీల్లో ఈమధ్య ఇలాంటి జత తరచుగా కనబడుతోంది. ఒక గోడ మీద నాలుగడుగుల కాన్వాస్: ఎర్రచీరలు, చిలకలు, గుండ్రటి బొట్లు, చూడగానే ‘అబ్బ’ అనిపించే రంగులు. పక్క గదిలో తుప్పుపట్టిన ఇనప రేకు, దాని మీద దారంతో కుట్టిన నాలుగు గీతలు, పక్కనే పేజీన్నర ఇంగ్లీషు వివరణ. ధరలు ఇంచుమించు ఒకటే. మీ దగ్గర లక్ష రూపాయలుంది, ఒకటే కొనగలరు. ఏది కొనాలి?

‘మీకేది నచ్చితే అది’ అంటారు అందరూ. మర్యాదగా తప్పించుకునే జవాబది. మొదటిరోజు నచ్చి, ఆరో నెలకల్లా అసలు కంటికే ఆనని బొమ్మలు మన అపార్ట్‌మెంట్ గోడల మీద బోలెడున్నాయి. ‘అందం పాతబడిన మాట, ఇప్పుడంతా కాన్సెప్టే’ అన్న పెద్దమనిషి మాట విని కొన్నవి కూడా ఉన్నాయి, కాకపోతే అవి స్టోర్‌రూముల్లో ఉన్నాయి. నేను చూసేది ఒకటే: ఆలోచన ఆ వస్తువులోకి దిగిందా, లేదా? దిగకుండా గోడ మీది కాగితంలోనే ఉండిపోయిన ఆలోచనకి డబ్బు పెట్టడం దండగ. వెనక ఏ ఆలోచనా లేని అందం కూడా చాలాసార్లు ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకున్నదే, దానికీ పెట్టక్కర్లేదు.

కాన్సెప్ట్ కొంటే చేతికి వచ్చేదేమిటి

అరటిపండు కథ మీకు తెలిసే ఉంటుంది. 2019 డిసెంబరులో మయామీ బీచ్‌లో జరిగే ఆర్ట్ బాజెల్ అనే కళల సంతలో ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ ఒక అరటిపండుని టేపుతో గోడకి అతికించి 1,20,000 డాలర్ల ధర పెట్టాడు. అమ్ముడుపోయింది కూడా. 2024 నవంబరులో అదే రచనకి ఉన్న ప్రతుల్లో ఒకటి న్యూయార్క్ సోథెబీస్ వేలంలో ఫీజులన్నీ కలుపుకుని 62 లక్షల డాలర్లు పలికింది. కొన్న క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ కొద్దిరోజుల్లోనే హాంకాంగ్‌లో విలేకరులని పిలిచి మరీ దాన్ని ఒలుచుకు తిన్నాడు. నష్టమేమీ రాలేదు. అతను తిన్నది బజారు పండు. డబ్బు పెట్టి కొన్నది ఒక సర్టిఫికెట్, ఎలా అతికించాలో చెప్పే సూచనలు.

పూర్తిగా ఆలోచన మీద నడిచే రచనల్లో ఇది మామూలే. అమెరికాకి చెందిన కళాకారుడు సాల్ లెవిట్, ఆలోచనే కళని తయారుచేసే యంత్రమని 1967లోనే రాశాడు. మరుసటి ఏడాది నుంచి గోడల మీద గీతల బొమ్మలు మొదలుపెట్టాడు. తర్వాత తర్వాత వాటిని గీసింది ఎక్కువగా సహాయకులే. కొన్నవాళ్ళ చేతికి వచ్చేది సర్టిఫికెట్, ఒక నమూనా పటం. ఇల్లు మారితే పాత గోడకి రంగు కొట్టేసి, కొత్త గోడ మీద మళ్ళీ గీయించుకోవచ్చు. సౌకర్యంగానే ఉంది, కాగితం భద్రంగా ఉన్నంతకాలం. 2012లో ఒక అమెరికన్ కలెక్టర్, అమ్మిపెట్టమని ఇచ్చిన లెవిట్ బొమ్మ సర్టిఫికెట్‌ని గ్యాలరీ పోగొట్టిందంటూ పది లక్షల డాలర్లకి పైగా పరిహారం కోరుతూ కోర్టుకెక్కాడు. బొమ్మని కావాలంటే రేపే మళ్ళీ గీయించొచ్చు, కానీ సర్టిఫికెట్ లేకపోతే దాన్ని కొనేవాడు దొరకడు.

ఇదంతా చదివి ‘కాన్సెప్ట్ అంటే మోసం’ అని తేల్చేస్తే మాత్రం అన్యాయం. క్యూబాలో పుట్టిన అమెరికన్ కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన రచన ఒకటుంది, చికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో పెడుతుంటారు. గది మూల మెరిసే రంగు కాగితాల్లో చుట్టిన మిఠాయి బిళ్ళల కుప్ప. బరువు 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. వచ్చినవాళ్ళు ఒక్కో బిళ్ళ తీసుకుని తినొచ్చు. కుప్ప తరుగుతూ ఉంటుంది, మళ్ళీ నింపుతారు. ఎయిడ్స్‌తో ఆ ఏడాదే చనిపోయిన తన సహచరుడు రాస్ రూపచిత్రమది. ఈ ఒక్క ముక్క తెలిశాక ఇంకో వివరణ అక్కర్లేదు. తరిగిపోతున్న బరువూ, చూడవచ్చినవాళ్ళ నోట్లో కరుగుతున్న తీపీ చెప్పాల్సిందంతా చెబుతాయి. చూడ్డానికీ బాగుంటుంది, చిన్నపిల్లలు నేరుగా దాని దగ్గరికే పరిగెడతారు.

ఇక్కడి నుంచే నేనొక పరీక్ష తయారుచేసుకున్నాను. పదార్థాన్ని మార్చి ఊహించుకోండి. మిఠాయి తీసేసి ఇటుకలు పెడితే గొంజాలెజ్-టోరెస్ రచన అక్కడికక్కడే చచ్చిపోతుంది. మన దేశపు కళాకారుడు సుబోధ్ గుప్తా 2006లో స్టీలు గిన్నెలు, బకెట్లతో చేసిన పెద్ద పుర్రెని ఫైబర్‌తో పోతపోస్తే ఏమీ మిగలదు. పెళ్ళికి పేరు చెక్కించి బిందెలిచ్చే మనవాళ్ళకి ఆ స్టీలు మెరుపులోని ఆశా, ఆకలీ రెండూ తెలుసు, ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఇప్పుడు మన ఇనప రేకు దగ్గరికి రండి. రేకు బదులు అట్టముక్క పెట్టినా, దారం బదులు స్కెచ్ పెన్ను వాడినా గోడ మీది పేజీన్నర వివరణ అక్షరం మార్చకుండా సరిపోతుందా? సరిపోతే ఆలోచన ఇంకా కాగితం మీదే ఉంది. డబ్బు మీ జేబులోనే ఉండనివ్వండి.

ఆ వివరణల గురించి ఒక మాట. ‘అవశేషాల అంతరాళంలో అస్తిత్వాన్ని ప్రశ్నించడం’ లాంటి వాక్యాలు ఇంగ్లీషులో ఇంకా గంభీరంగా వినిపిస్తాయి. వాటిని చదివి భయపడకండి, చదివి పడిపోకండి కూడా. కళాకారుడు అక్కడే ఉంటే తెలుగులో అడగండి: “ఇది ఇనుమే ఎందుకండీ? గుడ్డయితే పనికిరాదా?” మన దగ్గర పనిచేసే కళాకారుల్లో చాలామంది రాసిన స్టేట్‌మెంట్ కన్నా మాట్లాడేటప్పుడు ఎంతో బాగా చెబుతారు. ‘మా నాన్న లేత్ మెషిన్ మీద పనిచేసేవాడు, ఈ రేకు ఆ షెడ్డుదే, ఈ కుట్టు మా అమ్మది’ అని జవాబొస్తే మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి చూడండి. పేజీన్నరలో లేని ఆలోచన ఆ ఒక్క వాక్యంలో దొరకొచ్చు. తిరిగి అవే గంభీరమైన మాటలొస్తే కాఫీ తాగి వచ్చేయండి.

కంటికి నచ్చినవాటిలో అసలు చిక్కు

కంటికి నచ్చడం చిన్న విషయమేమీ కాదు. రోజూ పొద్దున్నే లేచి చూడాల్సినవాళ్ళు మీరు. చిక్కల్లా కంటికి అలవాటైనదే అందంగా తోచడం. పదిచోట్ల చూసినట్టున్న బొమ్మ పదకొండోచోట ఇట్టే నచ్చేస్తుంది.

మనకి దగ్గరి ఉదాహరణ చిత్రకారుడు తోట వైకుంఠం. 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో పేరున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నాడు. తెలంగాణ పల్లె ఆడవాళ్ళు, ముదురు రంగు ఒళ్ళు, పెద్ద బొట్టు, పెద్దగా కలపకుండా వాడే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఇప్పుడిది మన డ్రాయింగ్‌రూముల అలంకారమైపోయింది కాబట్టి అందులో ఒక నిర్ణయం ఉందని మరిచిపోతాం. కేలండర్లలో తెల్లటి దేవతలు, పత్రికల అట్టల మీద తెల్లటి హీరోయిన్లు ఏలుతున్న కాలంలో, పొలం పని చేసే నల్లటి ఆడమనిషిని దేవత సైజులో నిలబెట్టడం తేలిక పని కాదు. ఆ బొమ్మల్లో అందం ఎంత ఉందో కాన్సెప్టూ అంతే ఉంది, వివరణ అంటించలేదంతే.

‘వైకుంఠం స్టైల్’ పేరుతో కొన్ని వేలకి దొరికే కాన్వాసుల్లో బొట్టుంటుంది, చిలక ఉంటుంది, ఎర్రచీర ఉంటుంది. ఆ నిర్ణయం మాత్రం ఉండదు. అనుకరించేవాళ్ళు ముఖం దగ్గర కాదు, చేతుల దగ్గర దొరికిపోతారు. వేళ్ళు పట్టుకోవాల్సిన వస్తువుని పట్టుకోవు, భుజం నుంచి మోచేతికి వచ్చే గీత మధ్యలో తడబడుతుంది. ముక్కూ కళ్ళూ చూసి చూసి దించేయొచ్చు, ఒంటి బరువుని మోసే గీతని దించడం కష్టం. చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి, దాన్నుంచి తీసిన అచ్చు) ఎక్కడైనా కనబడితే దగ్గరగా వెళ్ళి గీత చూడండి. మేకల కొమ్ములు, చెట్ల వేళ్ళు, మనుషుల కండలు అన్నీ ఒకే జాతి గీత నుంచి మొలిచినట్టుంటాయి. అది పట్టుబడ్డాక ఏ కాన్వాస్‌లో గీత అరువుదో మీకే తెలిసిపోతుంది. ప్రారంభంలో చెప్పిన ఎర్రచీరల కాన్వాస్ అలాంటి అరువు సరుకే అయితే, దానికన్నా తుప్పు రేకే నయం. కనీసం అది ఇంకొకరిది కాదు.

సోఫా రంగుకి మ్యాచింగ్ అని కొనేవాళ్ళని నేను వెక్కిరించను. అదొక అవసరం. కానీ ఆ అవసరానికి మంచి పోస్టరు చాలు, రెండు వేలల్లో పని జరుగుతుంది, మిగతా తొంభై ఎనిమిది వేలు దాచుకోవచ్చు.

దీనికి రెండోవైపు కూడా ఉంది. మొదటి చూపులో ఏమీ ఇవ్వని బొమ్మలుంటాయి. మన దేశపు చిత్రకారుల్లో నస్రీన్ మొహమ్మదీ గీసిన సన్నటి పెన్ను గీతలు, వి.ఎస్. గాయ్‌తోండే పొరలు పొరలుగా రంగు వేసి గీకిన కాన్వాసులు ఫోన్‌లో చూస్తే గళ్ళకాగితంలాగో, చెమ్మ పట్టిన గోడలాగో ఉంటాయి. ఎదురుగా నిలబడితే పది నిమిషాలకి గానీ కన్ను సర్దుకోదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి అడ్వాన్స్ పంపేవాళ్ళు ఇలాంటివన్నీ పోగొట్టుకుంటారు. ఫొటోలో వెలిగిపోయే బొమ్మలకే ఎక్కువ ఇచ్చుకుంటారు కూడా. కాబట్టి రెండుసార్లు చూడండి, ఒకసారి పగటి వెలుగులో, ఒకసారి ట్యూబ్‌లైట్ కింద. రెండోసారి వెళ్ళినప్పుడు మొదటిసారి కనబడనిదేదైనా కనబడిందా అన్నది నాకు ‘నచ్చడం’ కన్నా నమ్మకమైన గుర్తు.

రెండూ కావాలనుకుంటే

ఆలోచనా, చూపూ విడదీయలేనంతగా కలిసిపోయినవాటికి కాగితం మీది పనులు మంచి చోటు. అచ్చు బొమ్మలకి పేరుపొందిన జరీనా హష్మీ 1999లో చేసిన 36 చెక్క అచ్చుల వరస ఉంది. ఒక్కో దాంట్లో ఒక్కో ఉర్దూ మాట, ఇల్లు, గడప, ఇలాంటివి, దానికి తగ్గ నాలుగైదు నల్లటి గీతలు. అలీగఢ్‌లో పుట్టి, దేశవిభజన తర్వాత కుటుంబం పాకిస్తాన్ వెళ్ళిపోగా, తాను ఊళ్ళూ దేశాలూ మారుతూ బతికిన మనిషి చేసిన పని అది. ఉర్దూ రానివాళ్ళకి కూడా ఆ గడప గీత గడపలాగే తగులుతుంది. ఇవాళ జరీనా ధరలు మనకందవు. కానీ ఆ తీరున ఆలోచించే యువ ప్రింట్‌మేకర్లు మన దగ్గరా ఉన్నారు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగాల విద్యార్థులు ప్రదర్శనలు పెట్టినప్పుడు వెళ్ళండి. మొదటిసారి కొనేవాళ్ళకి లక్ష పెట్టి ఒక కాన్వాస్ కొనడం కన్నా, అందులో నాలుగోవంతుతో రెండు మంచి ప్రింట్లు కొనడం నా దృష్టిలో తెలివైన పని. కన్ను పదునెక్కాక మిగతా డబ్బు ఎటు పెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

ప్రింట్ అన్నప్పుడు ఒక జాగ్రత్త. ఎచింగ్, వుడ్‌కట్, లితోగ్రాఫ్, సెరిగ్రాఫ్ అనేవి రాగి రేకు మీదో, చెక్క మీదో, రాయి మీదో, తెర మీదో తయారుచేసి చేత్తో తీసిన ప్రతులు. కింద పెన్సిల్‌తో 12/50 అని ఉంటే యాభైలో పన్నెండో ప్రతి అని. పక్కన సంతకం ఉంటుంది. పెయింటింగ్‌ని ఫొటో తీసి ఇంక్‌జెట్ మీద కాన్వాస్ గుడ్డకి ఎక్కించి, పైన నాలుగు చోట్ల వార్నిష్ పూసి ‘లిమిటెడ్ ఎడిషన్’ అని అమ్మేది వేరే సరుకు. అదీ కొనుక్కోవచ్చు, కాకపోతే ఆ ధరకే. గద్వాల చీర అంచు తిప్పి చూడకుండా కొనం కదా, కాన్వాస్‌ని కూడా వెనక్కి తిప్పమని మొహమాటం లేకుండా అడగండి. పేరు, తేదీ, సంతకం, పాత ప్రదర్శనల చీటీలు ఉండేది అక్కడే.

వీడియో, ఇన్‌స్టలేషన్ (వస్తువులని ఒక చోట అమర్చి చేసే రచన), చెట్ల ఆకులు, బెల్లం, మట్టి లాంటి పదార్థాల పనులు కొంటే ప్రశ్నలు పెరుగుతాయి. పాడైతే ఎవరు బాగుచేస్తారు? మళ్ళీ చేయిస్తే అది అదే రచన అవుతుందా? బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్‌స్ట్ 1991లో ఫార్మాలిన్‌లో ముంచిన సొరచేప కుళ్ళిపోయి, 2006లో కొత్త సొరచేపని పెట్టాల్సి వచ్చింది. పెట్టింది హర్‌స్ట్ బృందమే, అయినా అది అదే రచన అవుతుందా అన్న చర్చ నడిచింది. మీ బెల్లం శిల్పానికి చీమలు పడితే ఏం చేయాలో కళాకారుడి చేత ముందే రాయించుకోండి. మీ అంతట మీరు మార్చేయడం కూడా కుదరదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీది తన కాంస్య శిల్పాన్ని ఊడదీసి పాడుచేశారని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ వేసిన కేసులో, శకలాలని తిరిగివ్వాలని, 5 లక్షల పరిహారం కట్టాలని 2005లో ఢిల్లీ హైకోర్టు ప్రభుత్వాన్నే ఆదేశించింది. కొన్నంత మాత్రాన రచన మీద కళాకారుడి హక్కులు పోవు. కాపీరైట్ కూడా, రాసి ఇస్తే తప్ప, అతనిదే. మీ కంపెనీ డైరీ అట్ట మీద వేసుకోవాలన్నా అడగాల్సిందే.

డబ్బు సంగతి

‘రేపు ధర పెరుగుతుందా?’ అని అడక్కుండా ఎవరూ ఉండరు. కాన్సెప్ట్ రచనలకే భవిష్యత్తు అని గ్యాలరీ అంటుంది, అందమైనవే అమ్ముడుపోతాయని ఇంటీరియర్ డిజైనర్ అంటాడు. ఇద్దరికీ అమ్మాల్సిన సరుకుంది. 2005 తర్వాత రెండు మూడేళ్ళు భారతీయ సమకాలీన కళ ధరలు ఆకాశాన్నంటాయి. 2008 ఆర్థిక సంక్షోభంతో కుప్పకూలాయి. కాన్సెప్టూ పడింది, అందమూ పడింది. 2025 మార్చిలో ఎం.ఎఫ్. హుసేన్ 1954 నాటి ‘గ్రామ్ యాత్ర’ న్యూయార్క్‌లో 1.38 కోట్ల డాలర్లు పలికిందన్న వార్తని చూపించి నిన్నకాక మొన్న డిగ్రీ పుచ్చుకున్న కుర్రాడి కాన్వాస్ అమ్మజూస్తే నవ్వి ఊరుకోండి. డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉన్న పాత పెద్దల బజారు వేరు, బతికున్న యువకుల బజారు వేరు. లక్ష పెట్టి కొన్నదాన్ని మళ్ళీ అమ్మాలంటే చాలాసార్లు కొనేవాడే దొరకడు. ఆ లక్ష పోయినట్టే అనుకుని కొనగలిగితేనే కొనండి.

పన్నులు రెండు ముక్కల్లో: చేత్తో వేసిన పెయింటింగులు, ఒరిజినల్ ప్రింట్లు, శిల్పాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, బిల్లులో చూసుకోండి. అమ్మినప్పుడు, ఇంట్లో వాడుకునే సామాన్లకి ఉన్న మినహాయింపు పెయింటింగులకి లేదు. లాభమొస్తే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడుతుంది. ‘గోడకి తగిలించుకున్నదే కదా’ అంటే ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకోదు.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండి రెండేళ్ళకోసారి సామాను సర్దేవాళ్ళు ఇన్‌స్టలేషన్ల జోలికి పోకండి, అది ఎంత గొప్ప ఆలోచనైనా సరే. కాగితం మీది పనులు, చిన్న కాన్వాసులు మీకు సరిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో కాగితానికి బూజు భయం. యాసిడ్ లేని మౌంటు (బొమ్మ చుట్టూ, వెనకా పెట్టే అట్ట) వేయించి, అద్దానికి బొమ్మ అంటకుండా ఫ్రేమ్ కట్టించాలి. బయటి గోడకి కాకుండా లోపలి గోడకి తగిలించాలి. డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో పట్టుకెళ్ళేవాళ్ళు, ఎంత అందంగా ఉన్నా మందంగా రంగు పేర్చిన కాన్వాస్ వద్దనుకోండి. చుడితే రంగు పగులుతుంది, చుట్టకుండా పంపాలంటే చెక్కపెట్టె ఖర్చు బొమ్మ ధరతో పోటీపడుతుంది.

ఆఫీసు రిసెప్షన్‌కైతే చూపుకే పెద్దపీట వేయండి. అక్కడ ఎవరూ పది నిమిషాలు నిలబడరు. పడగ్గదికీ, చదువుకునే గదికీ నెమ్మదిగా తెరుచుకునే పని కావాలి, అక్కడ ఆలోచనకి ఎక్కువ మార్కులివ్వొచ్చు. ఇంట్లో ఇద్దరికీ చెరొకటి నచ్చి గొడవపడుతుంటే, ఎవరు తమ బొమ్మ గురించి ‘ఇది ఈ పదార్థంతోనే ఎందుకు చేశారు’ అన్నదానికి జవాబు చెప్పగలరో వాళ్ళ మాట వినడం మా ఇంటి పద్ధతి. దీనివల్ల నేను చాలాసార్లు ఓడిపోతుంటాను.

అప్పటికీ తేలకపోతే, వారం రోజులు ఇంట్లో పెట్టుకుని చూస్తామని అడగండి. కొన్ని గ్యాలరీలు, ముఖ్యంగా తెలిసిన కొనుగోలుదారులకైతే, ఒప్పుకుంటాయి. కొంత అడ్వాన్స్, రవాణా ఖర్చు మీవి. దారిలో పాడైతే బాధ్యత ఎవరిదో రసీదు మీద రాయించుకోండి. వాయిదాల మీద ఇస్తారా అనీ అడగొచ్చు, మూడు నాలుగు నెలల వాయిదాలకి ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు. అసలు రచనేనని చెప్పే సర్టిఫికెట్ మాత్రం సాధారణంగా చివరి వాయిదా కట్టాకే చేతికొస్తుంది.